కత్తెర గుర్తు వేసిన ఇనుము

మా బస్సుల షెడ్డులో బండ్లు బాగుచేసే మేస్త్రీ పోయాడన్న మాట నాకు రాయచోటి బస్సు కండక్టరు నోట తెలిసింది. పొద్దున బస్సు బయలుదేరే ముందు అతను టికెట్ల పుస్తకం కోసం నా బల్ల దగ్గరికి వచ్చాడు. పుస్తకం అందుకోకుండా నిలబడ్డాడు.

"మేస్త్రీ తెల్లారుజామున పొయ్యినాడంట సామీ. మూడు దినాల జ్వరం" అన్నాడు.

నేను వెంటనే నమ్మలేదు. ఎవరు చెప్పారని అడిగాను. చెప్పినవాడు కళ్లారా చూశాడా, ఎవరో అంటే విన్నాడా అని అడిగాను. కండక్టరు నా ముఖం వంక వింతగా చూసి, చర్చిలో గంట కొట్టడం తానే విన్నానని చెప్పి పోయాడు. మాటను అలా గుచ్చి గుచ్చి అడగడం నాకు మేస్త్రీ దగ్గర అబ్బిన అలవాటేనని అతను పోయిన తర్వాత తట్టింది.

షెడ్డులో ఎవరు పనికి వచ్చారో, ఏ బండికి ఏ మరమ్మతు జరిగిందో రోజూ ఒక పుస్తకంలో రాయడం నా పని. ఆ రోజు ఏం రాయాలో చాలాసేపు తెలియలేదు. చివరికి "మేస్త్రీ రాలేదు" అని రాశాను.

కడప నుంచి గువ్వలచెరువు ఘాటు మీదుగా రాయచోటికి మా బస్సులో తిరిగినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మీకు ఆయన ముఖం తెలిసి ఉండదు. కాళ్లు మాత్రం చూసి ఉంటారు. మీరు బస్సు ఎక్కేటప్పుడు ముందు చక్రాల మధ్య నుంచి బయటికి చాపి ఉండే రెండు నల్లటి కాళ్లు ఆయనవే. ఆ కాళ్లకు చెప్పులు ఉండేవి కావు. అరికాళ్లకు మాత్రం ఎప్పుడూ ఇంజను నూనె అంటుకుని ఉండేది.

నేను బడికి పోయింది రెండేళ్లే. మిగతా చదువంతా అంగట్లో పొట్లాలు కట్టే కాగితాలు చదువుకుంటూ నేర్చాను. యుద్ధం మొదలైన మరుసటి ఏడు మా సావుకారు నన్ను పిలిచి షెడ్డులో రైటరు పని ఇచ్చాడు. అప్పుడాయనకు నాలుగు బస్సులు ఉండేవి. పని ఏమిటని అడిగితే ఆయన షెడ్డు వైపు గడ్డం ఎత్తి చూపించాడు.

"ఇనుముకు కాళ్లు రావడం యాడన్నా చూసినావా అబ్బీ? మన షెడ్డులో వచ్చినాయి. పొద్దున ఉన్న సామాను మాపటికి ఉండదు. యాడికి నడిసి పోతాందో నువ్వు చూడాల. మేస్త్రీని అడగొద్దు. చూడు, అంతే."

ఆ రోజు నుంచి నేను మేస్త్రీని చూడటం మొదలుపెట్టాను. నా బల్ల షెడ్డు వాకిలి దగ్గర ఉండేది. ఆయన పనిచేసే మూల గోనెపట్టా తెర వెనక ఉండేది. ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. క్రైస్తవుడు, బుగ్గవంక అవతలి పల్లెలో చర్చి పక్కన ఇల్లు. ఏదో ఊరిలో ఒక దొర కారు తుడవడానికి చేరి, ఆ కారు విప్పి బిగించడం దాకా నేర్చుకున్నాడట. షెడ్డులో రెండు నీళ్ల కుండలు ఉండేవి. ఒకటి మాకు, ఒకటి ఆయనకు. అలా ఎందుకని నేనూ అడగలేదు, ఎవరూ అడగలేదు. రెండు కుండలున్న చోట అనుమానం పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు.

అయితే ఆ షెడ్డులో అందరికంటే అనుమానం మనిషి ఆయనే. బ్రేకులు బాగున్నాయని డ్రైవరు చెబితే తలూపి, డ్రైవరు అటు పోగానే తానే ఎక్కి తొక్కి చూసేవాడు. మా రాయచోటి డ్రైవరు మాటకారి. ఒకసారి అతనికి కోపం వచ్చి, "నీ పెండ్లాం బువ్వ పెడితే కూడా తినే ముందు సుత్తితో కొట్టి చూస్తావేమప్పా" అన్నాడు. మేస్త్రీ తల కూడా ఎత్తకుండా, "బువ్వ తప్పయితే నాకొక్కనికే కడుపునొప్పి. బ్రేకు తప్పయితే ముప్పై మందికి" అన్నాడు.

తన చేతిని కూడా ఆయన నమ్మేవాడు కాదు. ఒక నట్టు బిగించి, పోయి చేతులు కడుక్కుని, కాసేపు ఊరికే కూర్చుని, మళ్లీ వచ్చి అదే నట్టు మీద పానా పెట్టి చూసేవాడు. బిగించిన చెయ్యి తన తప్పు తాను చూసుకోదని అనేవాడు. అనుమానం తిట్టు కాదు, అది కూడా ఒక పనే అనేవాడు. ఇవన్నీ నేను అప్పుడు మంచి మాటలుగా వినలేదు. దొంగ ఎప్పుడూ ఎదుటివాళ్లనే అనుమానిస్తాడని మా ఊళ్లో ఒక మాట ఉంది. నాకు అదే గుర్తుకొచ్చేది.

యుద్ధం ముదిరింది. పెట్రోలు దొరకలేదు. బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు బిగించారు. పొద్దున్నే పొయ్యి రాజేసి, చేత్తో తిప్పే పంకాతో అరగంట ఊదితేగానీ ఇంజను కదిలేది కాదు. మద్రాసు నుంచి కొత్త సామాను రావడం దాదాపు ఆగిపోయింది. సావుకారు షెడ్డుకు వచ్చి, విప్పిన పాత సామాను ఒక్క మేకు కూడా పారేయవద్దని, పనికొచ్చేదీ పనికిరానిదీ అంతా కొట్లో పెట్టమని గట్టిగా చెప్పాడు. కొట్టు తాళం నా దగ్గరే ఉండేది. అయినా విప్పిన సామానులో కొన్ని కొట్టు దాకా రాలేదు.

నేను గమనించినవి చెబుతాను. మేస్త్రీ పొద్దున కుడి భుజానికి ఒక గుడ్డసంచి వేసుకుని వచ్చేవాడు. అందులో బువ్వ గిన్నె ఉండేది. మధ్యాహ్నం తినేవాడు. సాయంత్రం పోయేటప్పుడు కొన్ని రోజులు ఆ భుజం పొద్దుటికంటే కిందికి వాలి ఉండేది. తిన్న గిన్నె తినని గిన్నెకంటే బరువుగా ఉంటుందా? ఒకరోజు సంచిలో ఏముందని అడిగాను. "బువ్వ గిన్నె" అన్నాడు. కళ్లు మాత్రం నా వైపు తిప్పలేదు.

ఇంకొకటి. అప్పట్లో కిరసనాయిలు బంగారంతో సమానం. దీపానికే దొరికేది కాదు. ఆయన దాన్ని చిన్న గిన్నెలో పోసుకుని, ఒక సుద్దముక్కతో పాటు తెర వెనక్కి తీసుకుపోయేవాడు. దేనికని అడిగితే, "ఇనుముతో మాట్లాడించేకి అప్పా" అన్నాడు. నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకుని అడగడం మానేశాను. పుస్తకంలో మాత్రం రాసుకున్నాను.

మూడోది, అన్నిటికంటే నన్ను పట్టుకున్నది, ఆ గుర్తు. విప్పిన సామానులో కొన్నింటి మీద ఉలితో రెండు గీతలు అడ్డంగా కొట్టి ఉండేవి, తెరిచిన కత్తెరలాగా. అటువంటి గుర్తున్న సామానే మాయమయ్యేది. కొనేవాడి కోసం పెట్టిన గుర్తని నేను తేల్చుకున్నాను. సావుకారుకు చెబితే ఆయన నవ్వి, "వాడు కిరస్తానం వాడు గదా, సిలువ ఏసి మరీ సాగనంపుతాండాడు" అన్నాడు. యాడికి పోతుందో కనుక్కోమని మళ్లీ చెప్పాడు.

ఒక సాయంత్రం, ఇంకా పొద్దు ఉండగానే, భుజం వాలి ఉన్న రోజు చూసుకుని ఆయన వెనక నడిచాను. బుగ్గవంక ఇసుక దాటాం. నేను చాలా వెనకగా ఉన్నాను. ఆయన తిన్నగా ఇంటికి పోలేదు. చర్చి వెనక్కి పోయాడు. నేను ఒక తుమ్మచెట్టు దగ్గర నిలబడ్డాను. కొంచెంసేపటికి చర్చి వెనక నుంచి ఒక ఎద్దుల బండి వచ్చి రోడ్డెక్కింది. దాని తర్వాత మేస్త్రీ బయటికి వచ్చాడు. సంచి మడిచి చంకలో పెట్టుకుని ఉన్నాడు. అందులో బువ్వ గిన్నె తప్ప ఏమీ లేదని దూరం నుంచే తెలుస్తోంది. బండిలో ఏముందో నేను చూడలేదు. చూడకపోయినా నాకు చాలనిపించింది.

మరుసటి వారం రాయచోటి బస్సు ముందు భాగం విప్పాడు. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలను తిప్పే ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసి, ఇది పగిలిందని, మద్రాసు నుంచి కొత్తది వచ్చేదాకా బండి నిలపాలని సావుకారుతో చెప్పాడు. సావుకారు ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని ఎండలో పెట్టి అటూ ఇటూ తిప్పాడు. నేనూ చూశాను. ఎక్కడా ఏమీ లేదు. సావుకారు గొణుక్కుంటూ పోయాడు. ఆ సాయంత్రం మేస్త్రీ భుజం బాగా వాలింది. నేను లేచి వాకిలికి అడ్డం నిలబడి, సావుకారును పిలిపించాను.

సంచిలోంచి ఆ కడ్డీయే బయటపడింది. దాని మధ్యలో అప్పుడే కొట్టిన కత్తెర గుర్తు తెల్లగా మెరుస్తోంది.

"కడ్డీ లేక బండి నిలపాలంటివి" అన్నాడు సావుకారు. గొంతు పెంచలేదు. "ఆ కడ్డీ నీ సంచిలో ఉండాది. ఏంది మేస్త్రీ ఈ కత?"

"అది పనికి రాదు సామీ."

"పనికి రానిది నీకెందుకు?"

మేస్త్రీ సంచి మూతి బిగించి భుజాన వేసుకున్నాడు.

"ఇంతకు ముందువి యాడ పెట్టినావు?"

"చెప్తే తెచ్చుకుంటావు సామీ" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట మా ఎవరికీ అర్థం కాలేదు. నా సొత్తు నేను తెచ్చుకోనా అని సావుకారు అన్నాడు. డ్రైవరు పక్కకు తిరిగి నవ్వాడు. రేపటి నుంచి రావద్దని సావుకారు చెప్పాడు. మేస్త్రీ ఆ కడ్డీని తానే తీసుకొచ్చి నా బల్ల మీద, నా పుస్తకం పక్కన పెట్టాడు.

"దీన్ని ఎవురికీ ఇయ్యొద్దు రైటరప్పా" అన్నాడు.

అంతే అన్నాడు. పట్టుబడ్డ దొంగ నాకు బుద్ధి చెప్పడమేమిటని నా ముఖం వేడెక్కింది.

మరునాడు మేస్త్రీ చోట పనికి సావుకారు బామ్మర్ది వచ్చాడు. అతనికి నట్లు విప్పడం, బిగించడం తెలుసు. సావుకారు చెప్పినట్టే నా బల్ల మీది కడ్డీని మళ్లీ బస్సుకు ఎక్కించడానికి తీసుకున్నాడు. మధ్యలో ఈ గుర్తు ఏమిటని అడిగాడు. దొంగ గుర్తు అన్నాను. అది ఉంటే డ్రైవరు నలుగురిలో పెట్టి నవ్వుతాడని, మేస్త్రీ పనిముట్ల పెట్టెలోంచి ఆకురాయి నేనే తీసి ఇచ్చి గుర్తు అరగదీయమన్నాను. అతను రుద్ది రుద్ది నున్నగా చేశాడు. ఇది నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా పుస్తకంలో "పాత కడ్డీ బిగించబడినది" అని మాత్రమే ఉంది.

ఆ మరుసటి పొద్దున రాయచోటి బస్సు షెడ్డు ముందు నిలబడి ఉంది. వెనక పొయ్యి రాజుకుంటోంది, పంకా తిరుగుతోంది. లోపల జనం నిండిపోయారు. పైన గంపలు, మూటలు కట్టేశారు. సావుకారు ఇంకా రాలేదు. ఆ సమయంలో మేస్త్రీ తన పనిముట్ల పెట్టె తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ పెట్టె ఆయన సొంతం. నేను చూస్తుండగానే అందులోంచి పానాలు ఒక్కొక్కటీ తీసి నాకు చూపించి మళ్లీ పెట్టుకున్నాడు. పెట్టె ఎత్తుకుని వాకిలి దాకా పోయి, బస్సును చూసి ఆగాడు.

"మద్రాసు నుంచి కడ్డీ వచ్చిందా?" అన్నాడు.

రెండు రోజుల్లో మద్రాసు నుంచి ఏదీ రాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను కలం సిరాబుడ్డిలో ముంచాను. ఆయన నా బల్ల వంక చూశాడు. కడ్డీ ఉండిన చోట చూశాడు. పెట్టె అక్కడే కింద పెట్టి పోయి, బస్సు ముందు చక్రానికి అడ్డంగా నేల మీద పడుకున్నాడు.

జనం కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. తాగినాడన్నారు. పని పోయిన ఉక్రోషం అన్నారు. ఒక ముసలామె, సంతకు పొద్దుపోతోందని, ఎవరైనా కాళ్లు పట్టి ఈడ్చేయమని అడిగింది. డ్రైవరు కిందికి దిగి ఆయన తల దగ్గర కూర్చున్నాడు.

"మేస్త్రీ, చచ్చేదుంటే రైలు కింద చావప్పా. దానికి పట్టాలుండాయి, పక్కకు పోదు. నా బండి కింద ఎందుకు?"

"నీ బండీ పక్కకు పోదు, కడ్డీ ఇరిగేదాకా" అన్నాడు మేస్త్రీ.

ఘాటు మలుపుల్లో ఆ కడ్డీ విరిగితే ఏమవుతుందో డ్రైవరుకు వేరే చెప్పనక్కరలేదు. అయినా అతను నవ్వడానికే ప్రయత్నించాడు, కడ్డీ మంచిదేనని సావుకారు బామ్మర్ది చెప్పాడు కదా అన్నాడు. మేస్త్రీ పడుకున్నచోటి నుంచే తల తిప్పి నన్ను చూశాడు.

"రైటరప్పా, ఈడికి రా. నన్ను నమ్మొద్దు. నువ్వే చూడు."

నేను అప్పటిదాకా ఎప్పుడూ బస్సు కిందికి పోలేదు. అది నా పని కాదు. ఆ రోజు కూడా పోకుండా ఉండేవాణ్ణే. కానీ నమ్మొద్దు అన్నాడు. నమ్మమని ఉంటే నేను బల్ల దగ్గర నుంచి లేచేవాణ్ణి కాదు.

పంచె ఎగగట్టి, చక్రాల మధ్య నుంచి పాకి పోయాను. పైన జనం బరువుకు బండి కిర్రుమంటోంది. మేస్త్రీ తన పెట్టెలోని గిన్నె తెప్పించి, కిరసనాయిలు పోయించి, ఒక గుడ్డ నాకిచ్చాడు. కడ్డీని దాంతో తడపమన్నాడు. తడిపాను. కాసేపు ఆగమన్నాడు. తర్వాత పొడి గుడ్డతో మెరిసేదాకా తుడవమన్నాడు. తుడిచాను. సుద్దముక్క ఇచ్చి కడ్డీ అంతా తెల్లగా రుద్దమన్నాడు. నేను గుర్తు అరగదీయించిన చోట కూడా రుద్దాను.

"ఇంగ నూరు లెక్కపెట్టు" అన్నాడు. "కన్ను ఆర్పకుండా చూడు. నేను చూడను. నీ కన్నే."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇదంతా నాటకమని, నూరు అయినా ఏమీ కనిపించదని, అప్పుడీయనను ఈడ్చి పారేయించవచ్చని ఇరవై దాకా అనుకున్నాను. నలభై దాకా తెల్లటి సుద్ద తెల్లగానే ఉంది. అరవై దాటిన తర్వాత, ఆకురాయి నునుపు పక్కనే, తెలుపులో ఒక తడి గీత లేచింది. వెంట్రుక మందం. అది నేను చూస్తుండగానే మెల్లగా కడ్డీ చుట్టూ పాకింది. లోపలి పగుల్లోకి పోయిన కిరసనాయిలు బయటికి ఊరుతోంది. ఇనుము మాట్లాడటం అంటే అదేనని నాకు అప్పుడు తెలిసింది. నూరు దాకా లెక్కపెట్టాను. గీత సగం చుట్టు దాటింది.

నేను బయటికి వచ్చి లేచి నిలబడి, బండి పోదు అన్నాను. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి డ్రైవరు నమ్మాడనుకుంటాను. ఒక్క మాట కూడా అనకుండా వెనక్కి పోయి పంకా ఆపించాడు. జనం తిట్టుకుంటూ దిగారు. షెడ్డులోకి పోయి కుండలో చెంబు ముంచుకుని తాగాను.

మేస్త్రీ వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. "ఈపొద్దు కుండను మాత్రం చూసుకోకుండానే తాగినావప్పా" అన్నాడు. అప్పుడు చూశాను, అది ఆయన కుండ. నేను ఇంకో చెంబు ముంచుకున్నాను.

చూపించి ఉండవచ్చు కదా, దాచడం ఎందుకని ఆ తర్వాత అడిగాను. ఆయన పనిముట్లు తుడుచుకుంటూ చెప్పాడు.

"సూపిచ్చినా అప్పా. నువ్వు రాకముందు ఒగసారి సూపిచ్చినా. బండి బరువు మోసే కమాను పట్టీకి ఇట్లనే గీత. ఎంటిక మందం గీతకు బండి నిలపాల్నా అన్న్యాడు సావుకారు. నేను ఇంటికి పొయ్యినాక అదే ఎక్కిచ్చినారు. ఘాట్లో ఇరిగింది. దేవుడు సల్లగ చూసినాడు, బండి కొండ పక్కకు ఒరిగింది, లోయ పక్కకు కాదు. ఆపొద్దు నుంచి సూపిచ్చడం మానుకున్న్యా. పాడైన ఇనుము షెడ్డులో ఉంటే ఎవురో ఒగరు ఎక్కిస్తారు. లేకుంటే ఎట్ల ఎక్కిస్తారు?"

సావుకారు వచ్చాడు. నిలబడ్డ బస్సును చూశాడు. మసి, సుద్ద అంటిన నా పంచెను చూశాడు. నేను చూసింది చెప్పాను. ఆయన బస్సు కిందికి పోలేదు. కొత్త కడ్డీ వచ్చేదాకా నిలపండి అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. మరుసటి పొద్దున మేస్త్రీ సంచితో వచ్చి తన మూలలో కూర్చున్నాడు. రమ్మని ఎవరూ పిలవలేదు, వద్దని ఎవరూ అనలేదు. సావుకారు బామ్మర్ది రెండు రోజులు ఊరికే తిరిగి మానుకున్నాడు.

నేను ఆయన్ను క్షమించమని అడగలేదు. ఎలా అడగాలో తెలియలేదు. ఆయనే ఆ కడ్డీని ఊడదీసి తెచ్చి, రాయి మీద పెట్టి, ఉలీ సుత్తీ నా చేతికిచ్చాడు. "నువ్వే కొట్టు" అన్నాడు. మొదటి గీత జారి పక్కకు పోయింది. రెండోది దానికి సరిగ్గా అడ్డం పడలేదు. ఆయన దాన్ని చూసి, కత్తెర కాదు, కుంటి మేక అన్నాడు. సంచిలో వేసుకున్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన నన్ను పూర్తిగా నమ్మాడని చెప్పలేను. పొద్దున రాగానే, రాత్రి ఎవరికన్నా ఏమన్నా ఇచ్చావా అని ప్రతి రోజూ అడిగేవాడు. నేనూ ఆయన్ను పూర్తిగా నమ్మానని చెప్పలేను. మంచి ఇనుము కూడా కొంత ఆ సంచిలో పోయి ఉంటుందని నాకు ఇప్పటికీ అనుమానమే. భయం ఎక్కువైనవాడికి ప్రతి గీతా పగులులాగే కనిపిస్తుంది. కానీ ఘాటు బండికి పొద్దున్నే ఆయన బిగించిన ప్రతి నట్టు మీదా పానా పెట్టి చూసే పని నాకే అప్పగించాడు. రెండో చెయ్యి కావాలనేవాడు. యుద్ధం అయిపోయినా ఆ పని ఆగలేదు. సంచి బరువైన సాయంత్రాల్లో నా బల్ల ముందు ఆగి, కుడి భుజం ఇంకాస్త వాల్చి, ఒక చిన్న నవ్వు నవ్వి పోయేవాడు. ఎక్కడికని నేను అడగలేదు. చెప్తే తెచ్చుకుంటావు అన్న మాట నాకు గుర్తుంది.

కండక్టరు చెప్పిన రోజు మధ్యాహ్నం నేను నా సంచి భుజాన వేసుకుని బుగ్గవంక దాటి పోయాను. పూడ్చడం అప్పటికే అయిపోయింది. పాట పాడినవాళ్లు చెట్ల కింద కూర్చుని ఉన్నారు. మట్టి ఇంకా తడిగా ఉంది. నేను కాసేపు నిలబడి, తిరిగి వచ్చేదారిలో చర్చి వెనక్కి పోయాను. అక్కడ ఒకప్పుడు బండలు తీసిన పెద్ద గుంత ఉంది. మామూలుగా నీళ్లుంటాయట, దారిన పోయే బండ్లవాళ్లు ఎద్దులకు తాపేది అక్కడేనట. ఈ ఎండాకాలం అడుగంటిపోయింది. పగుళ్లు వారిన బురదలో ఇనుము బయటపడి ఉంది. కమాను పట్టీలు, బోల్టులు, పళ్లు అరిగిన చక్రాలు. ప్రతిదాని మీదా తుప్పు కింద నుంచి కత్తెర గుర్తు కనిపిస్తోంది. గీతలన్నీ ఒకే తీరుగా, తిన్నగా ఉన్నాయి.

బండ అంచుల మీద కాలు పెట్టుకుంటూ లోపలికి దిగాను. ఒక వారగా అది కనిపించింది. మధ్యలో నున్నగా అరగదీసిన చోటు, దాని పక్కన కుంటి మేక. చేతిలోకి తీసుకున్నాను.

"ఎత్తకపొయ్యేకి వచ్చినావా?"

పైన గట్టు మీద మేస్త్రీ భార్య నిలబడి ఉంది. ఏడ్చిన ముఖమే, కానీ గొంతు గట్టిగా ఉంది. ఆమె నన్ను ఎప్పుడూ చూడలేదు. నా ఖాకీ చొక్కాను బట్టి బస్సు కంపెనీ మనిషినని తెలిసి ఉంటుంది.

"సావుకారు పంపిచ్చినాడా?"

లేదన్నాను. ఆమె నమ్మలేదు.

"నీళ్లు ఎండినాక పొద్దుమాపులా వచ్చి చూసి పోతాండా. ఎవురికీ ఇయ్యొద్దన్న్యాడు. జొరంలో కూడా అదే మాట."

కడ్డీని ఉన్నచోటే, ఉన్నట్టుగానే పెట్టాను. పైకి ఎక్కి, చేతులు తెరిచి చూపించాను. భుజాన ఉన్న సంచి కూడా దులిపి చూపించాను. నేను వంక ఇసుకలోకి దిగి, సగం దూరం పోయి, వెనక్కి తిరిగి చూశాను. ఆమె ఇంకా గట్టు మీదే ఉంది. చెయ్యి నుదుటి మీద అడ్డం పెట్టుకుని, నా భుజం ఏ పక్కకన్నా వాలుతోందేమోనని చూస్తోంది.